లంకావి ఐరన్‌మ్యాన్‌కి వదినతో కలిసి

మలేషియాలోని లంకావి వెళ్తున్నానని చెప్పగానే ఇంట్లోవాళ్లూ ఆఫీసులోవాళ్లూ ఒకే రకం ప్రశ్నలు వేశారు. ఆ దేశం మంచిదేనా, దొంగల భయం ఉందా, ఆడవాళ్లు తెల్లవారుజామున రోడ్డు మీద సైకిలు తొక్కొచ్చా, పాస్‌పోర్టు పోతే ఎలా? అడగాల్సినవే, కాదనను. కానీ ఐరన్‌మ్యాన్ అనే రేసు కోసం ఒక్క రోజులో 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఆపైన 42.2 కిలోమీటర్లు పరిగెత్తబోయే నాకు వీధి కన్నా నీళ్లూ ఎండా నా ఒళ్లే ఎక్కువ భయం పెట్టాయి. ఆ భయాన్ని పక్కకు నెట్టకుండా, కూర్చుని ఒక్కొక్కటే చూసుకున్నాను.

రేసు ఎంచుకోవడంలోనే సగం జాగ్రత్త ఉందని నా నమ్మకం. యూరప్ అంటే చల్లటి నీళ్లు, చలి ఆపే వెట్‌సూట్ అనే రబ్బరు సూటు, చాలా దేశాల్లో కుడివైపు ట్రాఫిక్. రుషికొండ దగ్గర ఈదుతూ, భీమిలి రోడ్డు మీద సైకిలు తొక్కుతూ తయారైన నాకు అవన్నీ కొత్త. లంకావి మలేషియాకి వాయవ్యాన, థాయ్‌లాండ్ సరిహద్దుకి దగ్గర్లో, అండమాన్ సముద్రంలో ఉన్న దీవుల గుంపు. బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. నవంబర్‌లో కూడా పగలు ముప్పై డిగ్రీలు దాటిన ఎండ, ఒంటికి అంటుకుపోయే ఉక్క. వైజాగ్‌లో మే నెల పొద్దున తొమ్మిదింటికి పరిగెత్తినవాళ్లకి దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. చల్లటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకైతే ఆ వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది.

బయల్దేరే ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే టీఎంటీ చేయించుకున్నాను. దీనికో కారణం ఉంది. ఈత, సైకిలు, పరుగు వరుసగా ఉండే ఇలాంటి రేసుల్ని ట్రయథ్లాన్ అంటారు. 1985 నుంచి 2016 దాకా అమెరికా ట్రయథ్లాన్లలో జరిగిన మరణాలూ, గుండె ఆగిపోయి బతికించిన కేసులూ కలిపి 135 అని ఒక వైద్య అధ్యయనం లెక్కతేల్చింది. అందులో 90 ఈతలోనే జరిగాయి. సైకిలు మీద నుంచి పడతామని భయపడతాం గానీ, మొదటి గంటలో నీళ్లలో ఉన్నప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. 2023 ఆగస్టులో ఐర్లండ్‌లోని యాల్ పట్టణంలో జరిగిన సగం దూరాల ఐరన్‌మ్యాన్‌లో ఇద్దరు ఈతలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఇన్సూరెన్స్. ఇక్కడ దయచేసి కాస్త ఆగి చదవండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి పోటీ క్రీడలు వర్తించవు. ఆ మాట వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ట్రయథ్లాన్ అనే మాట రాసి, రేసు రోజున ప్రమాదం జరిగితే డబ్బు ఇస్తారా ఇవ్వరా అని మెయిల్‌లో అడిగి, జవాబు ప్రింటు తీసి పెట్టుకున్నాను. ఇంకో ప్రశ్న కూడా అడిగాను: వేరే ఊరి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిది? లంకావిలో సుల్తానా మలీహా అని ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అయినా అది దీవి. పెద్ద వైద్యం కావాలంటే సముద్రం దాటాలి. ఆ ప్రయాణం జేబులోంచి పెట్టుకునేది కాదు.

మందుల సంగతి త్వరగా చెప్పేస్తాను. మత్తుమందుల విషయంలో మలేషియా చట్టాలు చాలా కఠినం. అందుకే ప్రతి మాత్రా దాని అసలు స్ట్రిప్‌లో, డాక్టరు చీటీతో సహా పెట్టుకున్నాను. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు జోలికే పోలేదు, 2024 జనవరి నుంచి పోటీలో అది నిషేధం కూడా. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు రేసు రోజున అసలు వద్దు. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీల మీద పడతాయి.

తోడుగా మా వదిన వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. రేసు మధ్యలో బయటివాళ్లు మనకి మంచినీళ్లు అందించినా రూల్ ఒప్పుకోదు, మాట్లాడితే మాత్రం తప్పు లేదు. ఆ చిన్న వెసులుబాటు మీదే వదిన తన ప్లాన్ అంతా వేసుకుంది.

"వడదెబ్బ తగిలినవాళ్లు బాగానే ఉన్నాననే అంటారు. అందుకని ఎలా ఉన్నావని నిన్ను అడగను. వేరేది అడుగుతా. జవాబు తడబడిందా, నేరుగా మెడికల్ టెంటుకే. నాతో వాదన పెట్టుకోకూడదు, సరేనా?" అంది.

సరేనన్నాను. మా ఆయనకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. ఛాతీ పట్టేసినా, ఎండలో చలి పుట్టినా, వదిన ప్రశ్నకి జవాబు రాకపోయినా రేసు ఆపేస్తాను. ఆ క్షణంలో నా మొండితనం మీద నాకు నమ్మకం లేదు, అందుకే ముందే మాట ఇచ్చేశాను. బిబ్ (రేసు నంబరు ఉండే కాగితం) వెనక ఉన్న గడుల్లో బ్లడ్ గ్రూపు, వదిన ఫోన్ నంబరు రాశాను. వాన పడితే చెరిగిపోతుందని వదిన దాని మీద పారదర్శక టేపు అంటించింది.

రేసు పొద్దున ఆకాశం మబ్బుగా ఉంది. అక్కడ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. 24.5 డిగ్రీలు దాటితే ప్రొఫెషనల్స్ కాకుండా వయసు గ్రూపుల్లో పోటీపడే మాలాంటివాళ్లకి వెట్‌సూట్ ఉండదు. అంటే తేలడానికి అది ఇచ్చే సాయం లేదు, జెల్లీఫిష్ నుంచి అడ్డమూ లేదు. ఆ సముద్రంలో ప్రాణాంతకమైన బాక్స్ జెల్లీఫిష్ కూడా ఉంటుంది. కుట్టినచోట ఇసుకతో రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు, వెనిగర్ పోయాలి. ఇది వదిన చేత వల్లె వేయించుకుని మరీ నీళ్లలో దిగాను.

మొదటి మలుపు దగ్గర ఎవరిదో మోచెయ్యి నా ఈత కళ్లజోడుకి తగిలింది. ఒక కన్ను నిండా ఉప్పునీళ్లు. శ్వాస గతి తప్పింది. నాలుగు బారలు వేసేసరికి గొంతు బిగుసుకుంది. కంగారులో వేగం పెంచితే ఇంకా ప్రమాదం. పక్కనే కయాక్ అనే పసుపు రంగు చిన్న పడవలో, కాపలాగా ఒక మలయ్ కుర్రాడు ఉన్నాడు. చెయ్యి ఎత్తాను. తెడ్డు ఆపి ముందు కొస నా వైపు తిప్పాడు. కయాక్ పట్టుకుంటే రేసు పోతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. దాన్ని ఊతగా చేసుకుని ముందుకు కదలనంతవరకు ఎంతసేపైనా పట్టుకోవచ్చు. కళ్లజోడు వంచి నీళ్లు వంపేసి, ఊపిరి పొడుగ్గా వదులుతూ పది లెక్కపెట్టాను. ఆ కుర్రాడు ఒక్క మాట మాట్లాడలేదు, నా కళ్లలోకే చూస్తూ ఉన్నాడు. వెళ్తానని తలూపాకే తెడ్డు వేశాడు. అతని పేరు తెలియదు. ఆ తర్వాత ఈత మొత్తం అతని మీద భరోసాతోనే సాగింది.

సైకిలు బాగా జరిగింది. అడవి గుండా వెళ్లే ఎత్తుపల్లాల రోడ్డు, పక్కనే కోతులు. తినే పొట్లాలు బయటికి కనబడకుండా పెట్టుకోవడం మంచిది. మధ్యాహ్నం ఒక జల్లు పడింది. తడిసిన తెల్లగీతల మీద టైరు జారుతుందని మలుపుల్లో వాటికి దూరంగా తొక్కాను.

అసలు పరీక్ష పరుగులో మొదలైంది. వాన వెలిశాక నేల నుంచి ఆవిరి లేచింది. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహంగా ఉందని ప్రతి టేబుల్ దగ్గరా మంచినీళ్లు తాగుతూ పోతే ఇంకో ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి అలా పడిపోయింది. వేళ్లు ఉబ్బుతాయి, వాంతి వస్తుంది, మాట తేడా పడుతుంది. చూసేవాళ్లు నీళ్లు చాలలేదేమో అనుకుని ఇంకా తాగిస్తారు. అందుకే ఉంగరం తీసేయకుండా వేలికే ఉంచుకుని, బిగుస్తోందా అని తిప్పి చూసుకుంటూ, దాహానికి తగ్గట్టే తాగాను.

మొదటి రౌండులో వదిన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. "మా పెళ్లి ఎక్కడ జరిగింది?" అని అరిచింది.

"అన్నవరం!"

తర్వాతి రౌండులో "చిన్నోడి పుట్టినరోజు?" చెప్పాను. ఈసారి నాతో పాటే అంచు వెంబడి నాలుగడుగులు నడిచి, నా నడకా పెదాలూ చూసి వదిలేసింది.

ఆ మలుపు దాటాక నా ముందున్న ఒక పెద్దాయన అడ్డంగా నడవడం మొదలుపెట్టాడు. కంచెని తలుపు అనుకున్నట్టు తోస్తున్నాడు. నేను చెయ్యి ఊపి కేక వేశాను. వాలంటీర్లు పరుగున వచ్చి నీడలో పడుకోబెట్టి, ఐసు నీళ్లు గుమ్మరించడం మొదలుపెట్టారు. ఒంటి లోపలి వేడి నలభై డిగ్రీలు దాటి మతి తప్పితే అదే ముందు చేయాల్సిన పని. ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆ తర్వాతే. కాసేపటికి ఆయన తన పేరు తానే చెప్పడం విన్నాను. నాకు కాళ్లు వణికాయి. ఒక కిలోమీటరు నడిచే వెళ్లాను.

చీకటి పడ్డాక వదిన మళ్లీ కనబడింది. "మన వీధి చివర టిఫిన్ బండి ఆయన పేరేంటి?"

పేరుతో పాటు ఆయన పెసరట్టులో అల్లం ఎక్కువ వేస్తాడని కూడా చెప్పాను.

"సరే, ఫో," అంది. ఆ మాటకి ఎంత బలం వచ్చిందో!

రాత్రి పదకొండు దాటాక ఫినిష్ లైన్ దాటాను. వదిన మెడల్ వైపు చూడలేదు. ముందు నాడి పట్టుకుంది, తర్వాత కూర్చోబెట్టింది. ఉప్పు వేసిన సూప్ కొంచెం కొంచెంగా తాగించింది. మర్నాడు మూత్రం రంగు అడిగింది. ముదురు కాఫీ రంగులో వస్తే కండరాలు దెబ్బతిన్నాయని, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని చెప్పింది. రంగు మామూలుగానే ఉంది. కాళ్ల వాపు తగ్గకుండా విమానంలో గంటల తరబడి కూర్చోవద్దని టికెట్ ముందే రెండు రోజుల తర్వాతకి తీసుకున్నాం. ఆ రెండు రోజులూ వదిన లంకావి చూసింది, నేను పడుకున్నాను.