నాయన రాసిపెట్టిన వాయిదా

నాయన పోయింది 2023 మార్చి 11న. ఆయన డైరీలో చివరగా రాసుకున్న వాయిదా జూన్ 19. మధ్యలో సరిగ్గా వంద రోజులు. ఆ వందలో పది రోజులు ఎక్కువైపోయాయని మాకు తర్వాత తెలిసింది.

మాది కావలి దగ్గర పల్లె. నాయన 1994లో కష్టపడి కొన్న కయ్య ఒకటుంది, ఎకరా పది సెంట్లు. పక్క కయ్య వాళ్ళు ఏటా కొంచెం కొంచెం గెనిమ, అంటే మధ్య గట్టు, జరుపుకుంటూ పద్దెనిమిది సెంట్లు కలిపేసుకున్నారు. పెద్దమనుషుల్లో తెగలేదు. ఆ భూమి నాదని తేల్చి నాకు స్వాధీనం ఇప్పించండి అని 2014లో నాయన కావలి కోర్టులో దావా వేశారు. తొమ్మిదేళ్ళు తిరిగారు. పసుపు గుడ్డసంచిలో దస్తావేజు, అడంగల్ నకళ్ళు, ఒక చిన్న డైరీ ఉండేవి. డైరీలో వాయిదాకి ఒక వరుస. "సాక్షి రాలేదు. చార్జీ 60." "జడ్జి గారు సెలవు. చార్జీ 60, టీ 10." ఆఖరి వరుసలో "జూన్ 19" అని మాత్రం ఉంది, కింద గీత గీసి.

దినాలు అయ్యాక అన్న బెంగళూరు వెళ్ళిపోయాడు, నేను ఒంగోలు వచ్చేశాను. అమ్మ నెలనెలా మాసికం పెట్టిస్తూ ఉంది. కేసు సంగతి మర్చిపోయామని కాదు. వాయిదా జూన్‌లో కదా, అప్పుడు వెళ్ళి చెబుదాంలే అనుకున్నాం. ప్లీడరు గారికి ఒక్క ఫోన్ చేయాలని మాలో ఎవరికీ తట్టలేదు. ఆ తప్పు మాదే.

ఆ రోజు పొద్దున పినాకిని ఎక్కి కావలిలో దిగాను. అమ్మ అప్పటికే సంచి పట్టుకుని కోర్టు ఆవరణలో చెట్టు కింద నిలబడి ఉంది. ప్లీడరు గారు మమ్మల్ని చూసి, "పెద్దాయన రాలేదా అమ్మా?" అన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనే చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, "ఏ తేదీ?" వేళ్ళ మీద లెక్క పెట్టుకుని, "పది రోజులు దాటిందమ్మా" అన్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందని. భూమి హక్కు కేసు మనిషితో పాటు పోదు, వారసులు నడుపుకోవచ్చు. పరువు నష్టం దావా లాంటివైతే మామూలుగా మనిషితోనే పోతాయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 22 ఉన్నది ఇలాంటి వాటి కోసమే. కానీ వారసులు మేమున్నామని కోర్టుకు పిటిషన్ పెట్టుకోవాలి. ఉన్న ఒక్క వాది పోతే, పోయిన రోజు నుంచి 90 రోజుల గడువు. అది దాటితే జడ్జి గారు ఏ ఆర్డరూ వేయనక్కరలేదు, కేసు దానంతట అదే ఆగిపోతుంది. దాన్ని అబేట్ కావడం అంటారు. అప్పుడు తగిన కారణం చూపించి ఆ అబేట్‌మెంట్ తీసేయమని అడగడానికి ఇంకో 60 రోజులుంటాయి. అవీ దాటితే ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ పెట్టుకోవాలి. క్లయింటు పోయారని తెలిస్తే కోర్టుకు చెప్పాల్సిన బాధ్యత ప్లీడరుదే, కానీ ఆయనకు తెలిస్తే కదా.

మా 90 రోజులు జూన్ 9తో అయిపోయాయి. అమ్మ తిథి లెక్కన మూడో మాసికం పెట్టింది అంతకు ముందే, అదే వారంలో. ఇంట్లో విస్తళ్ళు వేసి వడ్డిస్తున్నప్పుడు మాకు ఇంకా గడువు ఉంది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మీ ఇంట్లో ఎవరి పేరు మీదైనా కేసు నడుస్తుంటే ప్లీడరు నంబరు రాసి పెట్టుకోండి. మనిషి పోయిన వారంలోనే చెప్పండి.

ఆగస్టు 8 లోపు అన్నీ పెట్టాలని పరుగులు పెట్టాం. మరణ ధ్రువపత్రం, మండలాఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ముగ్గురం సంతకాలు చేసిన కొత్త వకాలత్. అన్న రెండుసార్లు రాత్రి బస్సుకి వచ్చాడు. పేర్లు రాసేటప్పుడు మా బంధువు ఒకాయన, "ఆడపిల్లకి పెళ్ళయిపోయింది కదా, ఆమె పేరెందుకు?" అన్నాడు. నాయన స్వార్జితం, వీలునామా రాయలేదు, అమ్మకి, అన్నకి, నాకు సమానమే అని ప్లీడరు గారు చెప్పేలోపే అన్న అందుకున్నాడు. "నాయనని ఆస్పత్రిలో చూసుకుంది అదే మామా. ముందు దాని పేరు రాయండి." అమ్మ పేరే ముందు రాశారు, తర్వాత మా ఇద్దరివీ.

జులై 24న పిటిషన్లు పడ్డాయి. అవతలి వాళ్ళు కౌంటరు వేశారు, గడువు తెలియదనడం కారణం కాదని. నాలుగు వాయిదాలు ఒకటే టెన్షన్. చివరికి మా పిటిషన్లు అనుమతించారు. దావాలో సవరించిన మొదటి పేజీ నకలు చేతికొచ్చింది. నాయన పేరు పక్కన "మరణించారు" అని ఉంది. కింద 2, 3, 4 వాదులుగా మేము.

నాయన సాక్ష్యం నకలు కూడా అప్పుడే చదివాను. ఆయన్ని 2019లో బోనులో అడిగారు. అవతలి ప్లీడరు ఎదురు ప్రశ్నలు వేసే క్రాస్ కూడా అప్పుడే పూర్తయింది, అది మా అదృష్టం. క్రాస్ కాకుండా పోయి ఉంటే ఆ సాక్ష్యానికి పెద్ద విలువ ఉండేది కాదట. మూడు పేజీలు. "నేనే గెనిమ జరిపాననడం నిజం కాదు." "గెనిమ మీది తుమ్మచెట్టు ప్రతివాది నాటాడనడం నిజం కాదు. నా కూతురు పుట్టిన ఏడాది తర్వాత నేనే నాటాను." అక్కడ ఆగిపోయాను. ఆ చెట్టు కథ నాకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ప్రతి పేజీ కింద ఆయన సంతకం, మూడో పేజీకి వచ్చేసరికి అక్షరాలు కిందికి జారాయి. అప్పటికే చెయ్యి వణికేది.

మొన్నటి వాయిదాలో కోర్టు జవాను అమ్మ పేరు మూడుసార్లు పిలిచాడు. అమ్మ లేచి చేతులు జోడించి నిలబడింది. బయటికొచ్చాక ప్లీడరు గారిని అడిగింది.

"అయ్యా, రేపు నేను కూడా పోతే వీళ్ళు మళ్ళీ ఇదంతా చెయ్యాల్నా?"

"అక్కర్లేదమ్మా. పిల్లలిద్దరూ ఇప్పటికే రికార్డులో ఉన్నారు. ఒక మెమో వేస్తే చాలు."

"అట్టయితే సరే" అని అమ్మ సంచిలోంచి డైరీ తీసి నా చేతికిచ్చింది. "వచ్చే వాయిదా ఎప్పుడో రాయి."