హైదరాబాద్ నుంచి డాలస్: టికెట్ మీది గంటలు, అసలు గంటలు

శంషాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. గోడ మీది మ్యాపు చూసి యూరప్, అట్లాంటిక్ మీదుగా పడమరకు గీత గీస్తాం గానీ, దగ్గరి దారి అది కాదు. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీల పైమాటే, అంటే డాలస్ దాదాపు భూగోళానికి అటువైపున ఉన్నట్టు. గ్లోబు మీద దారం బిగించి చూడండి: ఢిల్లీ, సైబీరియా దాటి ఉత్తర ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది.

దుబాయ్ మీదుగా వెళ్తే చుట్టుతిరుగుడు అనిపిస్తుంది గానీ పెరిగేది తక్కువే. దుబాయ్‌కి సుమారు 2,550, అక్కణ్ణుంచి డాలస్‌కి 12,900. కలిపితే వెయ్యి కిలోమీటర్ల చిల్లర ఎక్కువ, గాల్లో గంటంబావు. ప్రయాణాన్ని సాగదీసేది ఈ దూరం కాదు, మధ్యలో ఆగే గంటలు.

విమానం పట్టే సమయానికి ఒక మోటు లెక్క: కిలోమీటర్లను 850తో భాగించి, రన్‌వే దాకా వెళ్లడానికీ, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ 40 నిమిషాలు కలపండి. దుబాయ్–డాలస్ 15 గంటల 50 నిమిషాలు వస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి వల్ల 16 దాటొచ్చు. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి గంటకు పైగా తగ్గుతుంది. సైట్లలో దూరం చూసేటప్పుడు మైళ్లో, నాటికల్ మైళ్లో గమనించండి. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు.

ఎక్కువమంది తప్పేది గడియారం దగ్గర. ఉదాహరణకు తెల్లవారుజామున 4:30కి బయలుదేరి, అదే రోజు సాయంత్రం 5:00కి డాలస్‌లో దిగినట్టు టికెట్ మీద ఉందనుకోండి. పన్నెండున్నర గంటలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వేసవిలో డాలస్ మనకంటే 10:30 గంటలు వెనక, కాబట్టి అసలు ప్రయాణం 23 గంటలు: 4 దుబాయ్‌కి, 2:45 అక్కడ ఆగడానికి, 16:15 డాలస్‌కి. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా 11:30. తిరుగు ప్రయాణంలో తేదీ ముందుకు దూకుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఎక్కితే హైదరాబాద్‌లో దిగేసరికి మంగళవారం కావచ్చు. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు వారం పేరు కాదు, తేదీ చెప్పండి.

న్యూయార్క్, షికాగోల్లో మారే టికెట్లు చవగ్గా కనిపిస్తాయి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, అక్కడే సూట్‌కేసులు తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పజెప్పాలి. రెండు గంటల గ్యాప్ సరిపోదు, కనీసం మూడున్నర ఉంచుకోండి. ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలు ఒంటరిగా వస్తుంటే మాత్రం ఆ టికెట్ వద్దు. కాస్త ఎక్కువైనా గల్ఫ్‌లో ఒక్కసారే మారి నేరుగా డాలస్‌లో దిగేదే తీసుకోండి.