షార్త్ర్‌కి ఒక్క రోజు: బైనాక్యులర్ మాత్రం మర్చిపోవద్దు

పారిస్‌లో ఉద్యోగం చేసే పిల్లల దగ్గరికి నెల్లూరు నుంచి పెద్దవాళ్లు పోయి రావడం ఇప్పుడు మామూలైంది. ఈఫిల్ టవర్, లూవ్ర్, నది మీద పడవ, అన్నీ నాలుగు రోజుల్లో అయిపోతాయి. ఐదో రోజుకి నా మాట షార్త్ర్, పాతకాలపు కెథెడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) ఉన్న ఊరు. పారిస్‌కి నైరుతిలో 90 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు నెల్లూరు నుంచి సూళ్లూరుపేటకి రైల్లో పోయినంత దూరం. గంట, గంటంబావు ప్రయాణం. దారిలోనే కదా అని చాలామంది అదే రోజు వెర్సాయ్ రాజభవనం కూడా పెట్టుకుంటారు. అది తప్పు. ఈ కెథెడ్రల్‌లో చూడాల్సింది రంగుటద్దాల కిటికీలు. వాటిని చూపించేది సూర్యుడు, ఆయన్ని మనం తొందరపెట్టలేం.

రైళ్లు మోంపర్నాస్ స్టేషన్ నుంచి బయల్దేరతాయి. బోర్డు మీది అక్షరాలు చూసి మనవాళ్లు ‘చార్ట్రెస్’ అని అడుగుతారు, కౌంటర్లో ఉన్నవాళ్లకి అర్థం కాదు. ‘షార్త్ర్’ అనాలి, చివరి అక్షరం సగం నోట్లోనే ఉండిపోవాలి. మెట్రో దిగాక రైళ్ల హాలు దాకా లోపల్లోపలే చాలా నడక ఉంది. మోకాళ్ల నొప్పులుంటే పావుగంట ముందుగా బయల్దేరండి. పాసు దగ్గర ఇంకా జాగ్రత్త. పిల్లలు చేతిలో పెట్టే నావిగో అనే మెట్రో, రైలు పాసు పారిస్ ప్రాంతం లోపలే చెల్లుతుంది, షార్త్ర్ ఆ హద్దుకి అవతల. విడిగా టికెట్ కొనకుండా ఎక్కితే జరిమానా కట్టాలి. ఇంకో సంగతి, అదే దారిన పోయే కొన్ని రైళ్లు మధ్యలోనే రాంబుయే అనే ఊళ్లో ఆగిపోతాయి. బండి ఎక్కేముందు బోర్డు మీద ఆఖరి స్టేషన్ షార్త్ర్ అనో, దానికి అవతలున్న ల మాన్స్‌ అనో ఉందేమో చూసుకోండి.

రాంబుయే దాటాక బోస్ మైదానం మొదలవుతుంది. అంతా గోధుమ. మడికీ మడికీ గట్టు చూసిన కళ్లకి ఆ పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అంతుపట్టదు. ఆ చదునులోంచి, ఊరింకా కనబడకముందే, రెండు శిఖరాలు లేస్తాయి. అవి జోడు కావు. దక్షిణం వైపుది 105 మీటర్లు, 12వ శతాబ్దానిది, నున్నగా ఉంటుంది. ఉత్తరం వైపు కొయ్య శిఖరం 1506లో పిడుగు పడి కాలిపోతే జెహాన్ ద బోస్ అనే శిల్పి రాతితో 113 మీటర్లకి లేపాడు, ఒళ్లంతా చెక్కడాలే. నాకు నున్నదే ఇష్టం.

స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. లోపలికి టికెట్ లేదు, చెప్పులు విప్పక్కర్లేదు, మగవాళ్లు టోపీ మాత్రం తియ్యాలి. టవర్ ఎక్కడానికీ, గైడుతో నేలమాళిగ చూడటానికీ డబ్బు కట్టాలి. ప్రార్థన జరిగేటప్పుడు తిరగనివ్వరు కాబట్టి ఆదివారం పొద్దున వద్దు. ఎండాకాలమైనా రాతి చలి ఉంటుంది, శాలువా ఉంచుకోండి.

1194లో మంటల్లో పాత కట్టడం చాలావరకు పోయింది. పడమటి ముఖం, దాని కిటికీలు మిగిలాయి. మిగతాదంతా ముప్ఫై ఏళ్లలోపే దాదాపు పూర్తిచేశారు, 1260లో ప్రతిష్ఠ జరిగింది. అందుకే గోడా కిటికీ ఒకే చేతి పనిలా కుదిరాయి. లోపలికి పోగానే చీకటిగా ఉంటుంది. ఫోటోలు మొదలుపెట్టకుండా పది నిమిషాలు కూర్చోండి. కళ్లు అలవాటుపడ్డాక నీలం దానంతటదే తేలి వస్తుంది.

పొద్దున తూర్పు వైపు, మధ్యాహ్నం దక్షిణం, సాయంత్రం పడమర, ఇదీ క్రమం. దక్షిణం వైపు, గర్భగుడిలాంటి భాగం పక్క నడవలో ‘బెల్ వెర్రియేర్’ అనే కిటికీ ఉంది. నీలం బట్టల్లో మరియమ్మ, ఒళ్లో బాలయేసు, వెనక ఎర్రటి గాజు. మధ్యలో ఉన్న ఆ బొమ్మ పలకలు 1180 ప్రాంతానివి, మంటల్లో బతికి బయటపడ్డాయి. చుట్టూ ఉన్న దేవదూతలు తర్వాత కలిపినవి. రెండు నీలాలకీ తేడా బైనాక్యులర్‌తో తెలుస్తుంది, పాతది లేతగా ఉంటుంది.

కిటికీని కింద నుంచి పైకి చదవాలి. పైనుంచి మొదలుపెడితే కథ తలకిందులవుతుంది. అడుగు పలకల్లో చాలాచోట్ల ఆయా కిటికీతో సంబంధమున్న పనివాళ్లు కనిపిస్తారు. దక్షిణ నడవలో బైబిల్లోని మంచి సమరయుడి కథ కింద చెప్పులు కుట్టేవాళ్లు, ఉత్తరం వైపు నోవహు కథ కింద వడ్రంగులు, బండిచక్రాలు చేసేవాళ్లు. నోవహు ఓడకి వడ్రంగులు, ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి.

పడమటి ద్వారం మీద, గుండ్రటి కిటికీ కింద, మూడు పొడవాటి కిటికీలున్నాయి. లోపల నిలబడి చూస్తే కుడివైపుది దావీదు రాజు తండ్రి యెష్షయి వంశవృక్షం. అడుగున యెష్షయి పడుకుని ఉంటాడు, ఆయన ఒంట్లోంచి చెట్టు లేస్తుంది, కొమ్మకొక రాజు, చిట్టచివర యేసు. పెన్న ఒడ్డున పడుకున్న రంగనాయకుల స్వామిని చూస్తూ పెరిగినవాళ్లకి, పవళించినవాడి నాభి నుంచి సృష్టి లేవడం కొత్తేమీ కాదు. ఈ కిటికీ ముందు ఎక్కువసేపు ఆగేది మనవాళ్లే అవ్వాలి. 12వ శతాబ్దపు ఆ నీలం గాజులో సోడా శాతం ఎక్కువ, అందుకే పొటాష్‌తో చేసిన తర్వాతి గాజు కంటే వానకీ గాలికీ బాగా తట్టుకుంది.

ఫోన్ కెమెరా ఇక్కడ మోసం చేస్తుంది. చీకటి గోడకి సర్దుకుని గాజుని తెల్లగా మాడ్చేస్తుంది. తెర మీద కిటికీనే వేలితో తాకి, వెలుగుని బాగా కిందికి లాగి తీయండి. గోడ నల్లగా పోతుంది, పోనివ్వండి.

నేల మీద రాతి చిక్కుదారి ఉంది, 13 మీటర్లకి కాస్త తక్కువ వెడల్పు, దారి పొడవు 260 మీటర్ల పైచిలుకు. చిక్కుదారి అంటామే గానీ తప్పిపోవడం కుదరదు, ఒకటే దారి, పదకొండు చుట్లు తిరిగి నడుమకి చేరుతుంది. మామూలు రోజుల్లో దాని మీద కుర్చీలుంటాయి. ఈస్టర్ ముందు ఉపవాస దినాల నుంచి అక్టోబర్ ఆఖరు దాకా శుక్రవారాల్లో తీస్తారు. అది నడవాలనుకుంటే శుక్రవారమే పోవాలి.

భోజనం పన్నెండున్నరకే. రెండు దాటితే చాలా హోటళ్లలో వంటిల్లు మూసేస్తారు, ఎంత బతిమాలినా పెట్టరు. శాకాహారులకి చీజ్ పెట్టిన గాలెట్ అనే దోసెలాంటిది దొరుకుతుంది, హామ్ (పంది మాంసం) వద్దని ముందే చెప్పాలి. పులిహోర కట్టుకుపోతే ఇంకా హాయి. కెథెడ్రల్ వెనక బిషప్ తోటలో బెంచీలున్నాయి, కింద ఊరు, అర్ నది కనిపిస్తాయి. నది దాకా దిగితే పాత తోళ్ల పనివాళ్ల వీధులు, నీళ్ల అంచున బట్టలుతికే రేవులు. దిగుడు సులువే. ఎక్కేటప్పుడు రాళ్లు పరిచిన బాట కాళ్లు పట్టేస్తుంది, మడమల చెప్పులు అసలు వద్దు.

ఏప్రిల్ నుంచి చలికాలం దాకా రాత్రుళ్లు ఊరంతా రంగు వెలుగుల ప్రదర్శన ఉంటుంది, ఉచితం. కానీ జూన్‌లో చీకటి పడేసరికే పదిన్నర, ఆఖరి బండి దొరకడం కష్టం. అది కావాలంటే రాత్రికి గది తీసుకోండి. లేదంటే నాలుగింటికి మళ్లీ లోపలికి పోయి యెష్షయి ఎదురుగా కుర్చీ వేసుకోండి. పడమటి ఎండ అప్పుడే ఆ గాజులోకి దిగుతుంది.