పద్నాలుగు నెలలు నిలిచిపోయిన మారుతి 800: నాలుగు ఆదివారాల పని

మా నాన్న 1995లో కొన్న మారుతి 800 పద్నాలుగు నెలలుగా నల్లగొండలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో కదలకుండా ఉంది. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ఉమ్మడి రాష్ట్రం నాటి ఏపీ 24 ఉంటుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్, ప్లగ్గులకు నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌లో కలిసి విడిపోయే కాంటాక్ట్ పాయింట్లు. కంప్యూటర్ అన్నదే లేని బండి కాబట్టి ఒక మల్టీమీటర్, సన్నని సందులను కొలిచే ఫీలర్ గేజి, నాలుగు పానాలు ఉంటే లోపాన్ని ఇంటి దగ్గరే పట్టుకోవచ్చునని పని మొదలుపెట్టాను. మధ్యలో చేసిన తప్పుతో సహా జరిగినదంతా వరుసగా రాసుకుంటున్నాను.

మొదటి ఆదివారం

తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. బ్యాటరీ దగ్గర 11.3 వోల్టులే ఉన్నాయి. మూతలు తీసి చూస్తే రెండు సెల్లుల్లో నీళ్లు తగ్గి ప్లేట్లు బయటపడి ఉన్నాయి. నేను ఊళ్లో లేనప్పుడు ఎవరో బోరు నీళ్లు పోసినట్టు మిగిలిన సెల్లుల్లో తెల్లటి పొర కనిపించింది. మా జిల్లా బోరు నీటిలో ఫ్లోరైడ్, లవణాలు ఎంత ఉంటాయో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ నీళ్లు బ్యాటరీకి అసలు పనికిరావు. లోపం దొరికిందనుకుని మరుసటి రోజే 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) సామర్థ్యం ఉన్న కొత్త బ్యాటరీ తెచ్చి బిగించాను. సెల్ఫ్ తిరిగింది గాని, ఎడ్లబండి చక్రం ఇసుకలో తిరిగినంత మెల్లగా తిరిగింది.

మా వీధి చివరి మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే: "ఎర్త్ చూసినవా తమ్మీ?" చూశానని చెప్పాను, ఎందుకంటే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఆ ఎర్త్ తీగను మీటర్‌లో ఓమ్స్ మీద పెట్టి కొలిస్తే సున్నాయే వచ్చింది. నా పొరపాటు అక్కడే ఉంది. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు సుమారు వంద ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అంత కరెంటు పారే దారిలో ఓములో యాభయ్యో వంతు అడ్డు ఉన్నా రెండు వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి, ఇంత చిన్న అడ్డును మామూలు మీటర్ ఓమ్స్ స్కేలు పట్టుకోలేదు. అందుకని కొలిచే పద్ధతి మార్చాను. మీటర్‌ను వోల్టుల మీద పెట్టి, నల్ల కడ్డీని బ్యాటరీ మైనస్ పోస్టుకు, ఎర్ర కడ్డీని ఇంజిన్ లోహానికి ఆనించి, మా తమ్ముణ్ని సెల్ఫ్ కొట్టమంటే 1.9 వోల్టులు చూపించింది. అక్కడ అర వోల్టు దాటితేనే అనుమానించాలి. గేర్‌బాక్స్ దగ్గర ఎర్త్ తీగ బోల్టు విప్పితే దాని కింద పచ్చటి పొడి పేరుకుని ఉంది. వంటసోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా గీకి, బిగించాక పైన వాజ్‌లైన్ రాశాను. మళ్లీ కొలిస్తే 0.2 వోల్టులు. సెల్ఫ్ గిర్రున తిరిగింది, ఇంజిన్ మాత్రం అందుకోలేదు.

రెండో ఆదివారం

ఇంజిన్ తిరుగుతున్నా అందుకోకపోతే చూడవలసినవి రెండే: నిప్పురవ్వ, పెట్రోలు. ఒక స్పార్క్ ప్లగ్గు విప్పి తీగకు తగిలించి ఇంజిన్ మీద ఆనించి తిప్పితే రవ్వ లేదు. అప్పుడు బ్యాటరీ వోల్టులను రవ్వకు కావలసినంత పెంచే కాయిల్ దగ్గరకు వెళ్లాను. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు కాయిల్ ప్లస్ కొసన 12.1 వోల్టులు సరిగానే ఉన్నాయి. మైనస్ కొస దగ్గర, పాయింట్లు విడిపోయినప్పుడు 12 వోల్టులు, కలిసినప్పుడు సున్నాకు దగ్గరగా చూపించాలి. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తే, పాయింట్లు కంటికి స్పష్టంగా కలిసినా మీటర్ 12 దగ్గర నుంచి కదలలేదు. అంటే కలిసినట్టు కనిపిస్తున్నాయే గాని వాటి గుండా కరెంటు పారడం లేదు. ఒక వానాకాలమంతా షెడ్డులో కదలకుండా ఉన్నందున వాటి ముఖాల మీద బూడిదరంగు పొర పట్టింది. 400 నంబరు ఎమెరీ కాగితాన్ని మడిచి మధ్యలో పెట్టి రెండు మూడు సార్లు లాగి, పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడిచి, పాయింట్లను తోసి విడదీసే కామ్ ఎత్తు మీద ఉన్నప్పుడు గ్యాప్‌ను 0.45 మిల్లీమీటర్లకు సరిచేశాను. రవ్వ వచ్చింది, కానీ పసుపుగా, బలహీనంగా ఉంది. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య మెరుపు రాకుండా చూసే కండెన్సర్ మార్చాక నీలంగా, చిటపటమని వినిపించేలా మారింది. ఇంత చిన్న సామాను నల్లగొండలో దొరకలేదు. హైదరాబాద్ వెళ్తున్న మిత్రుడు రాణీగంజ్ నుంచి తెచ్చిపెట్టాడు.

మూడో ఆదివారం

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే సగం ఎలుక గూడు, మా అమ్మ పాత చీర అంచు ముక్కతో సహా. అది శుభ్రం చేసి, సిరంజితో కొద్దిగా పెట్రోలు కార్బొరేటర్ నోట్లో పోసి, సిరంజినీ డబ్బానూ దూరంగా పెట్టించి సెల్ఫ్ కొట్టాము. మూడు సెకన్లు ఉరిమి ఆగిపోయింది. పెట్రోలు పైకి రావడం లేదని దానితో తేలింది.

ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు బయటి పైపును సీసాలో పెట్టి ఇంజిన్ తిప్పితే ఒక్క చుక్క పడలేదు. పంపును తిట్టబోయి, దానికి ముందున్న రబ్బరు పైపును వంచి చూశాను; వంచిన చోట ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు తెరుచుకున్నాయి. పంపు పెట్రోలుకు బదులు ఆ పగుళ్లలోంచి గాలి పీలుస్తోంది. ఇథనాల్ కలిపిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని తయారు చేసిన రబ్బరు కాదది. దేశంలో ఈ మిశ్రమం 2022లో పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి చేరింది కాబట్టి పాత బండ్లలో మొదట చూడవలసింది ఈ పైపులనే అని నా అభిప్రాయం. మూడు ముక్కలూ మార్చాను, క్లిప్పులు కూడా కొత్తవే వేశాను.

ట్యాంకులోంచి ఆరు లీటర్లు గాజు సీసాల్లోకి లాగితే వార్నిష్ వాసన వచ్చింది. గంటసేపు కదపకుండా ఉంచితే అడుగున వేలెడంత మందాన వేరే పొర తేరింది: ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ హద్దు మీరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి కిందికి దిగుతాయి. పంపు పెట్రోలు తీసేదీ ఆ అడుగు నుంచే. కార్బొరేటర్‌లో లోపలికి పెట్రోలు వదిలే ఫ్లోట్ సూది జిగురుతో అంటుకుపోయి ఉంది. పెట్రోలు పోయే సన్నని రంధ్రాలున్న జెట్లను క్లీనర్ కొట్టి, గాలి ఊది శుభ్రం చేశాను. తీగతో పొడిస్తే ఇత్తడి రంధ్రం పెద్దదై ఆ తర్వాత మైలేజీ దెబ్బతింటుందని మెకానిక్ ముందే హెచ్చరించాడు.

నాలుగో ఆదివారం

కొత్త ఫిల్టర్, ఐదు లీటర్ల తాజా పెట్రోలు, చల్లటి ఇంజిన్‌కు గాలి తగ్గించే చోక్ పూర్తిగా బయటికి. ఐదో సారికి ఇంజిన్ అందుకుంది. మొదటి రెండు నిమిషాలు తెల్లటి పొగ వచ్చి తగ్గింది. టైమింగ్‌ను, అంటే రవ్వ పడే క్షణాన్ని సరిచేయడం మాత్రం టైమింగ్ లైటు ఉన్న మెకానిక్‌కే వదిలేశాను, ఆయన డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పి ఐడ్లింగ్‌ను (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగాన్ని) నిమిషానికి 850 చుట్ల దగ్గర నిలిపాడు. ఆ సాయంత్రం పానగల్లు దాకా వెళ్లి వచ్చాను, దారిలో ఎక్కడా ఆగలేదు.

మిగిలిన పని రెండు ముక్కలు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్ కాస్త పడిపోతోంది, చోక్ తీగ పూర్తిగా వెనక్కి పోవడం లేదని అనుమానం. రెండోది ట్యాంకు: పానగల్లు నుంచి వచ్చాక ఫిల్టర్ గాజులో చూస్తే నాలుగు తుప్పు రేణువులు తేలుతున్నాయి. దాన్ని దింపి కడిగేదాకా ఐదు లీటర్లకు మించి పోయను.