డబ్బాల లెక్క: ఆవపిండి మూడోసారికి లొంగింది

జనవరిలో పట్టిన పంతం ఇది. వారానికి ఒక దినుసు. వంటింట్లో డబ్బాలో పడి ఉన్నా నేనెప్పుడూ ముట్టనిదో, రైతు బజారులో రోజూ చూసి దాటిపోయేదో ఒకటి పట్టుకుని, చేతికి లొంగేదాకా వండడం. విశాఖ మర్రిపాలెంలో మా వంటగది ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకి చోటుండదు, అయినా పద్దెనిమిది సీసాలకి చీటీలు అంటించేశాను. ఈసారి రాయాల్సినవి ఆరు. అందులో సగం ఆవాలే తినేశాయి.

మే నెల, ఆవ

పూర్ణా మార్కెట్లో పనస పొట్టు పావుకిలో తెచ్చాను. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు వార్చి పిండి, ఉసిరికాయంత చింతపండు పులుసు పోసి మగ్గించాను. అంతవరకు బాగానే ఉంది. తర్వాత రెండు చెంచాల ఆవాలు మిక్సీలో పొడి చేసి, ఉడుకుతున్న కూరలోనే వేసి మూత పెట్టాను. ఘాటు లేదు సరికదా, నాలిక చివర చేదు. పక్కింటి పిన్నిగారికి గిన్నెలో పంపితే గిన్నెతో పాటే వచ్చారు. "ఏటి బాబూ, ఆవని ఉడకబెట్టీసేవేటి?"

రెండోసారి కూరలో ఉడికించలేదు. కానీ త్వరగా మెత్తబడుతుందని వేన్నీళ్ళు పోసి నూరాను. మళ్ళీ చప్పగానే ఉంది. అప్పుడు కూర్చుని కారణం చదివాను. ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదట. గింజ నలిగి తడి తగిలాక లోపలున్న ఎంజైము పనిచేసి దాన్ని పుట్టిస్తుంది. వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది. పుట్టిన ఘాటు కూడా పొయ్యి మీద ఉంటే ఆవిరిలో పోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు ఎన్ని నమిలినా ముక్కుకి ఎక్కకపోవడం అందుకే.

మూడోసారి లెక్క ఇది, నాకు పనిచేసింది: ఒకటిన్నర చెంచా ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు, చల్లటి నీళ్ళు మూడు చెంచాలు. నూరి పది నిమిషాలు పక్కన పెట్టాలి. కూర దించి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక కలపాలి. పైన ఒక చెంచా పచ్చి నూనె. కలిపిన గంటకి రుచి చూస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి పిన్నిగారు ఖాళీ గిన్నె పంపారు, ఏమీ అనలేదు.

ఇంగువ

ముద్ద ఇంగువ, పొడి ఇంగువ రెండూ కొన్నాను. పొడిలో మైదాయో బంకో కలిపి ఉంటుంది, డబ్బా వెనక రాసే ఉంది. అందుకని పొడి అయితే పావు చెంచా పట్టింది, ముద్ద అయితే కందిబేడంత చాలింది. రెండింటికీ నూనె కాగి ఉండాలి. నేరుగా చారులో వేస్తే ఆ పచ్చి వాసన ఎంత మరిగించినా పోలేదు. అన్నట్టు, ఇంగువ లేనిదే పప్పుచారు దిగని మనం ఆ మొక్కని హిమాచల్‌లోని లాహౌల్ లోయలో నాటుకున్నది 2020 అక్టోబరులో. అంతవరకూ అఫ్గానిస్తాన్, ఇరాన్ లాంటి చోట్ల నుంచే రావాలి.

ఎండు రొయ్యలు

ఫిషింగ్ హార్బర్ దగ్గర కొన్నాను. అమ్మిన ఆవిడ డబ్బులు లెక్కపెట్టుకుంటూనే చెప్పింది: "కూరలోన ఉప్పు ఎయ్యకు బాబూ, అదే దిగుద్ది." వినలేదు, అనుభవించాను. తల, తోక తుంచి, ఒట్టి మూకుడులో గలగలమనేదాకా వేపి, గోరువెచ్చటి నీళ్ళలో రెండుసార్లు కడగాలి. అడుగున దిగిన ఇసుక చూస్తే కడగకుండా వండే ధైర్యం ఇక ఉండదు. వంకాయతో బాగుంది. వేపేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. మా ఆవిడ షరతు అది.

చోడిపిండి, బెల్లం

వీటి గురించి రెండు ముక్కలే. చోడిపిండిని, అంటే రాగిపిండిని, నేరుగా మరిగే నీళ్ళలో పోస్తే ఉండ కట్టి పైన ఉడుకుతుంది, లోపల పిండి పిండిగానే మిగులుతుంది. రాత్రే చన్నీళ్ళలో జారుగా కలిపి ఉంచి, పొద్దున్న మరిగే నీళ్ళలో తిప్పుతూ పోస్తే అంబలి ఉండ కట్టలేదు. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ. అనకాపల్లి బెల్లంలో నల్లగా ఉన్నదే తెస్తున్నాను. మెరిసే పసుపు రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు కనక. పాయసంలో మాత్రం పొయ్యి కట్టేశాకే వేస్తున్నాను. రెండు సార్లు పాలు విరిగాయి మరి.

సముద్రపు గాలికి మా ఇంట్లో పొడి అన్నది పొడిగా ఉండదు. ఉప్పులో గుప్పెడు బియ్యం వేశాను. ఆవపిండి నిలవ పెట్టడం మానేశాను, ఏ రోజుకారోజే నూరుతున్నాను.

జూలై, వెదురు కొమ్ములు

అరకు సంత నుంచి మిత్రుడు నాలుగు తెచ్చిచ్చాడు. పచ్చివాటిలో సైనైడును పుట్టించే పదార్థం ఉంటుంది, అందుకని పొరలు ఒలిచి, సన్నగా తరిగి, నీళ్ళు మార్చి మార్చి ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. మొదటి నీళ్ళు లేత పసుపు రంగులో వచ్చాయి. ఇప్పుడు మూడో నీళ్ళు మరుగుతున్నాయి. వాసన హాల్లోకి వచ్చేసింది, టీవీ చూస్తున్నవాళ్ళు ఇటు తిరిగారు.