చెట్టు అనే ఊరు

మాది విజయనగరం. బెల్జియంలో నేనుండే ఊరు బూమ్. వీళ్లు 'బోమ్' అని పలుకుతారు. డచ్‌లో ఆ మాటకి చెట్టు అని అర్థం. ఆఫీసేమో 15 కిలోమీటర్ల దూరంలో ఆంట్వెర్ప్‌లో. అక్కడి అద్దెలకి భయపడి ఇక్కడ దిగాను.

జనాభా 20 వేలు దాటని ఈ ఊరు ఒకప్పుడు ఇటుకలకి పేరు. మా ఇంటి ఓనరు ముసలాయన. ఆయన తండ్రి బట్టీలో పనిచేశాడట. మట్టి తవ్వేసిన గోతులున్నచోటే ఇప్పుడు పెద్ద పార్కు. 2005లో మొదలైన టుమారోలాండ్ అనే డాన్స్ మ్యూజిక్ పండగ జరిగేది అందులోనే. రెండు వారాంతాలకి కలిపి దాదాపు 4 లక్షల మంది వస్తారు. లోపల నోట్లు చెల్లవు, చేతిపట్టీలో నింపుకున్న 'ముత్యాలు' ఇచ్చి కొనుక్కోవాలి. ఊరి పేరు చెప్పగానే ఆఫీసులో చేతులు పైకెత్తి ఊగుతారు. ఇటుకల సంగతి ఎవరూ అడగరని ముసలాయన బాధ.

టికెట్ ధర చూసి నేను వెళ్లే ఆలోచన మానుకున్నాను. మా కిటికీ దగ్గర నిలబడితే చాలు. పాట తెలీదుగానీ దెబ్బ తెలుస్తుంది. అద్దం జుయ్యిమంటుంది, స్టీలు గ్లాసులో నీళ్లు వణుకుతాయి. మొదటిసారి విన్నప్పుడు తప్పెటగుళ్లు గుర్తొచ్చాయి. రొమ్ముకి కట్టుకున్న తప్పెట వాళ్లు వాయిస్తుంటే, పక్కన నిలబడ్డ మన డొక్కలో మోగుతుంది. (నిమజ్జనం డీజే బాక్సులు మాత్రం గుర్తు రాలేదు. అది వేరే గోల.)

చెట్టు మాట వచ్చినప్పుడు ముసలాయనకి మా పైడితల్లమ్మ జాతరలో సిరిమాను గురించి చెప్పాను. దసరా వెళ్లిన మంగళవారం, చింతమాను చివర కూర్చున్న పూజారి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగడం. అంతా విని, "టికెట్ ఎంత?" అన్నాడు.

2025 జూలై 16న, ఇంకో రెండు రోజుల్లో టుమారోలాండ్ మొదలనగా, మెయిన్ స్టేజీ కాలిపోయింది. ఏటా ఈ మోత మీద విసుక్కునే ముసలాయన గుమ్మంలో నిలబడి పొగ కేసే చూస్తున్నాడు. పిలిచినా పలకలేదు. వీడియో కాల్‌లో అమ్మ "ఏట్రా ఆ పొగ?" అంది. చెప్పాను.

"అయ్యో, కట్టిన సిరిమాను బయల్దేరకముందే విరిగినట్టు కదరా!"

శుక్రవారం గేట్లు తెరిచారు. కాలినదాని బదులు ఇంకో స్టేజీ కట్టేశారు. సాయంత్రానికి మా అద్దం మళ్లీ జుయ్యిమంది. ముసలాయన మెట్లెక్కి వచ్చి, గొణుక్కుంటూనే, అద్దానికీ చట్రానికీ మధ్య పేపరు ముక్క మడిచి దోపి వెళ్లాడు.