మన మంచుకి ఆ మంచు జాగ్రత్తలా?

మంచు అనే మాట మనకి ఒక్కటే. పొద్దున్న గడ్డి మీద తడి మంచే, రోడ్డు కనపడనివ్వని తెల్లటి పొగ మంచే, మనాలీలో మోకాలి లోతున పేరుకునేదీ మంచే. పలాసలో ఎవరైనా "రేత్రి మంచు బాగా పడిపోనాది" అంటే అది పొగమంచు. ఇదే మాటతో డిసెంబరు రాగానే ఫోన్లలో జాగ్రత్తల మెసేజీలు తిరగడం మొదలవుతుంది. టైర్లలో గాలి తగ్గించండి, ఇంజను పది నిమిషాలు వేడెక్కనివ్వండి, రేడియేటర్లో నీళ్లు గడ్డకడతాయి, అద్దం మీద వేణ్ణీళ్లు పోయండి. అన్నీ ఎక్కడో మైనస్ డిగ్రీల దేశంలో పుట్టి, తెలుగులోకి దిగి, ఎచ్చెర్ల దాకా వచ్చిన సలహాలు. వీటికి భయపడేవాళ్లే నాలుగు ఇండికేటర్లూ వేసుకుని, ఫుల్ లైటు కొట్టుకుంటూ, ముందు లారీకి పది మీటర్ల వెనకాల వెళ్తుంటారు. కంగారు ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట నిండా ఉంది.

అక్కర్లేని వాటి సంగతి ముందు చూద్దాం. శ్రీకాకుళం, విజయనగరం మైదానంలో చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత మామూలుగా 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. నీళ్లు గడ్డకట్టేది సున్నా దగ్గర. కాబట్టి రేడియేటర్ భయం వద్దు. అలాగని కూలెంట్ మానేసి కుళాయి నీళ్లు పోయించకూడదు. మన ఊళ్లో కూలెంట్ పని గడ్డకట్టకుండా చూడటం కాదు. తుప్పు పట్టకుండా, వేసవిలో తొందరగా మరగకుండా చూడటం. డీజిల్ గడ్డకడుతుందన్నది కూడా మన బెంగ కాదు. లద్దాఖ్ లాంటి చోట్ల అది నిజమే, అందుకే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్‌ను అక్కడికి తెచ్చింది. కాశీబుగ్గ బంకుకి దానితో పని లేదు. ఇంజను స్టార్ట్ చేసి అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నడిపితే చాలు.

టైర్లో గాలి తగ్గించమనడం మాత్రం హాని చేసే సలహా. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడితే టైర్లో సుమారు 1 పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) దానంతటదే తగ్గుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం 38 డిగ్రీల్లో 33 పెట్టించిన టైరు, చుక్క గాలి పోకపోయినా, జనవరి తెల్లవారుజామున 29, 30 చూపిస్తుంది. ఇంకా తీస్తే టైరు అంచులు అరుగుతాయి, బండి తిప్పుతుంటే పక్కకి లాగుతుంది. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్లో ఎంత రాసి ఉంటే అంతే, బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు పెట్టించాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే టైరు మార్చాల్సిందే, అది ఏ కాలానికైనా.

బ్యాటరీ చలికి పోయిందని అందరూ అంటారు. నిజానికి అది ఎండాకాలంలోనే లోపల దెబ్బతిని ఉంటుంది, చలి వచ్చి బయటపెడుతుంది. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే మీటరు పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే.

ఇక అసలు మంచు. గాలి కదలని, మబ్బు లేని, పొడవైన రాత్రుల్లో నేల తొందరగా చల్లబడుతుంది. నేలకి ఆనుకున్న తేమ గాలి కూడా చల్లబడి సన్నటి నీటి బిందువులవుతుంది. కోతలైన వరి మళ్లు, చెరువులు, నదులు ఉన్న చోట తేమ ఎక్కువ. అందుకే జాతీయ రహదారి 16 మీద ఇచ్ఛాపురం నుంచి ఆనందపురం దాకా మంచు ఒకేలా ఉండదు. మడపాం దగ్గర వంశధార, శ్రీకాకుళం దగ్గర నాగావళి, ఆ తర్వాత చంపావతి, ఈ వంతెనలు రాగానే ఒక్కసారిగా చిక్కబడుతుంది, దాటి అర కిలోమీటరు వెళ్తే పలచబడుతుంది. చాలా ప్రమాదాలకి మూలం ఈ అతుకుల మంచే. బాగున్న రోడ్డు మీద 80లో వచ్చి, అదే వేగంతో వంతెన మీది మంచులోకి దూరిపోతారు.

ఇంకొకటి చాలామంది గమనించరు. సూర్యుడు వచ్చాడు కదా, ఇక తగ్గిపోతుందిలే అనుకుంటారు. పొద్దు పొడిచిన తర్వాత అరగంటా గంటా మంచు ఇంకా చిక్కబడొచ్చు, ఎందుకంటే ఎండకి నేల దగ్గర గాలి కొంచెం కదిలి కిందున్న తేమను పైకి కలుపుతుంది. పైగా విశాఖ వైపు నుంచి శ్రీకాకుళం వచ్చేవాళ్లకి ఆ సమయంలో సూర్యుడు ముందు కుడివైపున, కిందుగా ఉంటాడు. మంచు మొత్తం వెలిగిపోయి, ముందు తెల్ల గుడ్డ కట్టినట్టు ఉంటుంది. ఆరున్నర నుంచి ఎనిమిది దాకా చీకటికంటే హీనం.

వాతావరణ శాఖ లెక్కలో కిలోమీటరు లోపే కనపడితే పొగమంచు. 200 మీటర్ల లోపైతే దట్టమైనది, 50 లోపైతే అతి దట్టమైనది. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ల మధ్య 2, 4, 6, 8 అని చిన్న రాళ్లుంటాయి, ఒక్కొక్కటి 200 మీటర్ల దూరంలో. ఒక చిన్న రాయి దగ్గర నుంచి తర్వాతి రాయి జాడ తెలియకపోతే మీరు దట్టమైన మంచులో ఉన్నట్టే.

లైట్ల దగ్గర జరిగే తప్పులు అన్నిటికంటే ఎక్కువ. ఫుల్ లైటు పైకి, దూరానికి కొడుతుంది. ఆ వెలుగు నీటి బిందువుల మీద పడి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది, ముందు తెల్ల గోడ లేస్తుంది. కనపడటం లేదని డిమ్ నుంచి ఫుల్‌కి మార్చినవాడికి ఇంకా తక్కువ కనపడుతుంది. డిమ్ లైటే వెయ్యాలి. ఫాగ్ ల్యాంపు పనికొస్తుంది, అది బంపరు కింద తక్కువ ఎత్తులో ఉండి, వెలుగును వెడల్పుగా, పైకి పోనివ్వకుండా రోడ్డు మీద పరుస్తుంది కాబట్టి. రంగు వల్ల కాదు. పసుపు వెలుగు మంచును చీల్చుకుని పోతుందన్నది పాత నమ్మకం. మంచు బిందువులు కాంతి తరంగం కంటే చాలా పెద్దవి, అన్ని రంగులనీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. హెడ్‌లైటుకి పసుపు కాగితం అంటించుకుంటే ఉన్న వెలుగులో కొంత పోతుంది, అంతే.

మామూలు హాలోజన్ హెడ్‌లైట్లో 60/55 వాట్ల బల్బుంటుంది. దాని స్థానంలో 100/90 పెట్టిస్తే హోల్డరు కరిగిపోవచ్చు, వైరు కాలిపోవచ్చు. బజారు ఎల్ఈడీ బల్బు దూర్చితే, హెడ్‌లైటు లోపలి మెరిసే గిన్నె దానికోసం చేసింది కాదు కనుక వెలుగు అన్ని వైపులకీ చిమ్ముతుంది. ఎదుటివాడికి కళ్లు బైర్లు, మీకు తెల్ల గోడ. ఆ డబ్బుతో పసుపు పట్టిన హెడ్‌లైటు ప్లాస్టిక్ కవరుని పాలిష్ చేయించడం మేలు.

కొత్త కార్లలో ఇంకో చిక్కు. పగటి లైట్లు ముందు వాటంతటవే వెలుగుతాయి, అన్నీ వెలుగుతున్నాయని డ్రైవరు అనుకుంటాడు. వెనక ఎర్ర లైట్లు చాలా బండ్లలో ఆరిపోయే ఉంటాయి. ఆటో పొజిషన్లో పెట్టినా అంతే, పగటి మంచు తెల్లగా ఉంటుంది కాబట్టి సెన్సరు వెలుతురుందనే అనుకుంటుంది. స్విచ్ చేత్తో తిప్పి, ఒకసారి దిగి వెనక్కి వెళ్లి చూసుకోండి.

నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం మన వైపు ఒక ఆచారమైపోయింది. ఆ లైట్లకి అర్థం ఆగి ఉన్నానని. నడుస్తూ వేస్తే వెనకవాడికి మీరు ఆగారో కదులుతున్నారో తెలియదు. మీరు కుడికి తిరిగేటప్పుడు ఇండికేటర్ వేసినా కనపడదు. అన్నిటికంటే చెడ్డది, దారంతా ఇలా మెరిసే బండ్లు చూసీ చూసీ, నిజంగా చెడిపోయి ఆగిన లారీ మెరుస్తున్నా ఎవరూ బ్రేకు వెయ్యరు.

వేగం ఎంత ఉండాలన్నదానికి మీటరు కంటే కన్నే నయం. మంచులోంచి అప్పుడే బయటపడిన డివైడరు మొక్కనో, రిఫ్లెక్టరునో చూసి నూటొకటి, నూటరెండు అని, ఒక్కోటి ఒక సెకను చొప్పున, లెక్కపెట్టండి. దాన్ని దాటేలోపు నూటనాలుగు రాకపోతే వేగం ఎక్కువ. ఎందుకు నాలుగంటే: చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సుమారు ఒకటిన్నర సెకను, ఆపైన మంచుకి తడిసిన రోడ్డు మీద బ్రేకు దూరం. 40లో ఉంటే మొత్తం దాదాపు 30 మీటర్లు, 60లో 53, 80లో 83. సెకన్లలో చూస్తే ఇవన్నీ నాలుగు లోపే. లోడు లారీకి ఇది చాలదు. 50 మీటర్లు కనపడే చోట 60లో వెళ్లేవాడికి ముందు ఆగి ఉన్న ట్రాలీ కనపడుతుంది గానీ ఆగడానికి చోటుండదు.

ముందు లారీ వెనక లైట్లు పట్టుకుని పోవడం సుఖంగా అనిపిస్తుంది. ఆ లారీవాడికీ మీకున్నన్ని కళ్లే. అతను సడన్ బ్రేకు కొట్టినా, రోడ్డు దిగినా మీరూ అంతే. అతని లైట్లు మసగ్గా, కనపడీ కనపడనట్టు ఉండేంత దూరం ఉంచాలి. రెండు వరసల రోడ్డు మీదైతే మధ్య గీత కాదు, ఎడమ అంచు తెల్ల గీత పట్టుకోవాలి. మధ్య గీత చూస్తూ నడిపేవాడు తెలియకుండానే దాని మీదికి జరుగుతాడు, ఎదురొచ్చేవాడూ అదే పని చేస్తుంటాడు. నరసన్నపేట నుంచి విశాఖ వైపు ఆరు వరసల రోడ్డులో నడిమి వరస కాస్త నయం. ఎడమ అంచున ఆగిన లారీలు, రాంగ్ రూట్లో వచ్చే బైకులు ఉంటాయి, కుడి అంచున డివైడరు సందులోంచి దూరేవాళ్లు ఉంటారు.

పాలకొండ, రాజాం రోడ్లలో అయితే చెరకు ట్రాక్టర్లు, ధాన్యం ట్రాలీలు. వెనక లైటు వైరు ఎప్పుడో తెగి ఉంటుంది, చెరకు మూడు నాలుగు అడుగులు బయటికి వేలాడుతుంది. ట్రాలీ ఉన్న రైతులు చెయ్యగలిగిన చవకైన పని రెండంగుళాల రిఫ్లెక్టర్ టేపు: వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. దుమ్ము మీద అంటిస్తే వారానికే ఊడుతుంది. ఇనుమును తుడిచి, ఆరనిచ్చి, గట్టిగా రుద్దాలి. బురద పట్టినప్పుడల్లా గుడ్డతో తుడవాలి, లేకపోతే అది ఉన్నా లేనట్టే.

మంచు మరీ ఎక్కువైందని భయపడి రోడ్డు మీదే ఆపేయడం అన్ని తప్పులకీ పెద్ద. అంచున సగం ఆపినా అంతే. పెట్రోలు బంకో, దాబానో, టోల్‌గేటు దాటిన ఖాళీ స్థలమో దొరికేదాకా నెమ్మదిగా పోవాలి. బండి చెడిపోయి తప్పక ఆగితే మాత్రం నాలుగు ఇండికేటర్లూ అప్పుడు వెయ్యాలి. అందరూ ఎడమ తలుపు నుంచి దిగి ఇనుప కంచె అవతలికి పోవాలి. ఎర్ర త్రికోణం కనీసం 50 మీటర్లు, హైవే మీదైతే 100 మీటర్లు వెనక పెట్టాలి, అది పట్టుకుని రోడ్డు మీద కాదు, కంచె బయట నడవాలి. 1033కి ఫోన్ చేస్తే జాతీయ రహదారి వాళ్లు వస్తారు. బండి చుట్టూ రాళ్లు, వేపకొమ్మలు పేర్చడం వద్దు. కొమ్మ చీకట్లో మెరవదు. రాళ్లయితే బండి బాగయ్యాక కూడా అక్కడే ఉంటాయి, మర్నాడు ఏ బైకువాడికో తగులుతాయి.

అద్దం మసకబారితే ముందు వేలితో లోపల గీసి చూడండి. గీత పడితే తేమ లోపలిది, మీ ఊపిరి. గుడ్డతో తుడిస్తే రెండు నిమిషాల్లో మళ్లీ వస్తుంది. గాలిని ముందు అద్దానికి తిప్పి, ఏసీ ఆన్ చేసి, చలి కాకుండా వెచ్చదనం మధ్యలో పెట్టి, బయటి గాలి లోపలికి వచ్చే బటన్ నొక్కాలి. చలికాలంలో ఏసీ ఏంటని అడుగుతారు. ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది, ఇక్కడ దాని పని అదే. గీత పడకపోతే తేమ బయటిది, వైపర్ వేసి లోపలి చల్లదనం తగ్గించాలి. అద్దానికి బంగాళాదుంప, పొగాకు రుద్దే అలవాటు ఇంకా ఉంది. ఎదురు లైటు పడగానే ఆ పొర మెరిసి ఏమీ కనపడదు. రెండు చుక్కల షాంపూ నీళ్లతో లోపలివైపు కడిగి పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

బైకు మీద వెళ్లేవాళ్లు మంకీ టోపీ పెట్టుకుని హెల్మెట్ మానేస్తారు, లేదా టోపీ మీద హెల్మెట్ బిగిస్తారు. మందమైన టోపీ ఉంటే హెల్మెట్ తలకి కూర్చోదు, వెనక హారనూ వినపడదు. పలచని నూలు గుడ్డ కట్టుకోండి. వైజర్‌ను (హెల్మెట్ ముందు అద్దాన్ని) ఒక్క మెట్టు తెరిచి ఉంచితే మసక పట్టదు. దుప్పటి, శాలువా కొంగులు చైనుకి దూరంగా ఉండాలి.

సంక్రాంతి ప్రయాణాల్లో ఇంకో లెక్క తప్పుతుంది. హైదరాబాద్‌లో సాయంత్రం బయల్దేరి రాత్రంతా నడిపితే, సరిగ్గా మంచు గట్టిగా ఉండే వేళకి, నిద్ర ముంచుకొచ్చే వేళకి, మన జిల్లాల్లోకి వస్తారు. భోగి రోజైతే రోడ్డు పక్క మంటల పొగ కూడా కలుస్తుంది. పొద్దున్నే బయల్దేరి రాత్రికి చేరుకోవడం, లేదా విశాఖ దగ్గర ఆగి పడుకుని ఎనిమిదిన్నర తర్వాత కదలడం, ఈ రెంటిలో ఏదైనా ఏ ఫాగ్ ల్యాంపు కంటే ఎక్కువ పని చేస్తుంది.

సాలూరు దాటి ఒడిశా వైపు ఎక్కే ఘాట్‌లో, శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కే దారిలో ఈ వేళల లెక్క పనికిరాదు. అక్కడ చాలాసార్లు మంచు అనుకునేది కొండకి ఆనిన మబ్బు, మధ్యాహ్నం కూడా దిగొచ్చు. దిగేటప్పుడు ముందు కనపడక, భయంతో కాలు బ్రేకు మీదే ఉంచేస్తారు. నాలుగైదు మలుపులకి బ్రేకు కాగిపోయి, కాలిన వాసన వచ్చి, పెడల్ మెత్తబడుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే, మామూలుగా రెండులో, దిగాలి. బ్రేకు కొట్టి వదిలి, కొట్టి వదిలి వాడాలి. వాసన వచ్చిందంటే వెడల్పైన చోట పక్కకి తీసి ఇరవై నిమిషాలు ఆపండి. చక్రం మీద నీళ్లు పోయకండి, కాగిన డిస్కు వంకర పోతుంది.